తాడు కాదు, బొగ్గు పెట్టె: 1888 జనవరి 12 మంచు తుఫానులో ప్రాణాలు నిలిపినదేమిటి?

అమెరికాలోని నెబ్రాస్కాలో పదిలంగా కాపాడుతున్న ఒక పాత ఏకగది బడిని చూడడానికి మూడేళ్ల కిందట వెళ్లాను. ఆ రోజు ఏదో బడి నుంచి పిల్లలు కూడా వచ్చారు. చూపించే ఆవిడ వాళ్లకి తాడు కథ చెబుతున్నారు: టీచరమ్మ పిల్లలందర్నీ ఒకే తాడుకి కట్టి తుఫానులోంచి నడిపించుకెళ్లిన కథ. పిల్లలు కళ్లార్పకుండా వింటున్నారు. నా చూపు మాత్రం ఇనుప పొయ్యి పక్కనున్న బొగ్గు పెట్టె మీద పడింది. మూత ఎత్తి చూశాను. మోకాలి ఎత్తు, మూడు జానల పొడవు, రెండు జానల వెడల్పు. చెక్క సందుల్లో ఇంకా నల్లటి నుసి ఉంది, గోటితో గీరితే వేలికి అంటుకుంది. ఈ పెట్టె నిండుగా ఉంటే గది ఎంతసేపు వెచ్చగా ఉంటుంది? సగమే ఉంటే? మధ్యాహ్నం మూడింటికల్లా అడుగంటితే? ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

1888 జనవరి 12, గురువారం. కొన్నాళ్లుగా పీడించిన చలి ఆ ఉదయం సడలింది. పెద్దలు పశువుల్ని బయటికి వదిలారు, పిల్లలు పల్చటి బట్టలతో బడికి వెళ్లారు. మోంటానా మీదుగా దిగిన శీతల వాయువు పూట తిరక్కుండానే డకోటా టెరిటరీని ముంచింది, మధ్యాహ్నానికి నెబ్రాస్కాని కమ్మేసింది. ఆ తుఫాను బడి వేళకి వచ్చింది కాబట్టే దానికి పిల్లల తుఫాను అన్న పేరు మిగిలిపోయింది. మృతులు 235 మంది అన్నది తరచూ వినిపించే లెక్క. అంతకన్నా ఎక్కువేనన్న వాళ్లూ ఉన్నారు.

దీని మీద జరిగిన పని గురించి చెప్పాలంటే ముందు డేవిడ్ లాస్కిన్‌తో మాట్లాడాలి. 2004లో వచ్చిన ఆయన పుస్తకం లేకపోతే నాబోటి వాళ్లకి ఈ దారే దొరికేది కాదు, ఆ రుణం ఒప్పుకుంటాను. కానీ నా తగువూ ఆయనతోనే. లాస్కిన్ దృష్టి ఆకాశం మీద ఉంటుంది. వాయుపీడనం ఎలా పడింది, సెయింట్ పాల్‌లో కూర్చున్న సిగ్నల్ కోర్ అధికారి లెఫ్టినెంట్ థామస్ వుడ్రఫ్ ఏ సూచన ఎప్పుడు పంపాడు, టెలిగ్రాఫ్ ఎక్కడ ఆగింది అన్నవాటికి ఆయన పేజీలకి పేజీలిచ్చారు. అది చదివిన వాళ్లకి హెచ్చరిక వేళకి అంది ఉంటే ఆ పిల్లలు బతికేవాళ్లన్న భావం మనసులో స్థిరపడుతుంది. ఆయన తర్వాత రాసినవాళ్లు చాలామంది ఆ భావాన్నే పట్టుకుని నడిచారు.

నేను ఒప్పుకోను. చలిగాలి వస్తోందని చెప్పే జెండా, తెల్లగుడ్డ మధ్య నల్లచదరం, పట్నాల్లో ఎగిరేది. రైలు స్టేషను నుంచి ఎన్నో మైళ్ల దూరంలో, గడ్డివేళ్లతో సహా కోసిన మట్టి పెళ్లలు పేర్చి కట్టిన బడిలో కూర్చున్న పిల్లకి ఆ జెండా ఎలా కనబడుతుంది? ఒకవేళ కనబడిందే అనుకుందాం. జెండా బొగ్గు పెట్టెని నింపదు కదా.

ప్లెయిన్‌వ్యూ దగ్గరి బడిలో లోయిస్ రాయిస్ అనే టీచరమ్మకి ఆ రోజు తొమ్మిదిమంది పిల్లలు. మధ్యాహ్నం అన్నానికి ఇళ్లకెళ్లిన ఆరుగురు తుఫాను చూసి అక్కడే ఉండిపోయారు. మిగిలింది ముగ్గురు: తొమ్మిదేళ్ల వాళ్లిద్దరు, ఆరేళ్ల పాప ఒకతి. ఆమె వాళ్లని దగ్గర పెట్టుకుని పొయ్యి రాజేస్తూ కూర్చుంది. మూడింటి ప్రాంతంలో ఇంధనం అయిపోయింది. ఆమె మకాం ఉంటున్న ఇల్లు రెండొందల గజాల లోపే. మామూలు రోజున పిల్లలు పరుగుపందెం పెట్టుకునే దూరం. నలుగురూ చేతులు పట్టుకుని బయల్దేరారు. ఇల్లు దొరకలేదు. రాత్రంతా ఆ మైదానంలో ఒకర్నొకరు కరుచుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ముగ్గురు పిల్లలూ చనిపోయారు. రాయిస్ పాకుతూ ఒక ఇంటికి చేరింది, తర్వాత ఆమె పాదాలు తీసేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఆగి చూడాలి. రాయిస్ తప్పు చేయలేదు. పిల్లల్ని తొందరపడి వదల్లేదు, భయపడి పరుగెత్తలేదు. మంట ఉన్నంతసేపూ కదల్లేదు. ఆమెని తుఫానులోకి తోసింది చల్లారిన పొయ్యి. లాస్కిన్‌కి ఈ సంగతి తెలుసు, చెప్పారు కూడా. కానీ దాన్ని విషాదంలో ఒక వివరంగానే ఉంచారు, కారణంగా నిలబెట్టలేదు. నాకు ఆ రోజు కథంతా ఆ వివరంలోనే ఉంది.

రెండొందల గజాలు ఎందుకు దాటలేకపోయారన్న సందేహం మన ప్రాంతపు పాఠకులకి రావచ్చు. మన తుఫానులో వాన కొడుతుంది, చెట్లు పడతాయి, అయినా ఎదుటి గోడ కనిపిస్తుంది. ఆ రోజు గాలిలో ఎగిరింది రేకుల్లాంటి మంచు కాదు, జల్లెడ పట్టిన మైదాపిండి లాంటి పొడి. కంటి రెప్పలకి పట్టి, అక్కడే కరిగి, మళ్లీ గడ్డకట్టి రెప్పల్ని అతికించేది. ముక్కులోకి పోతే ఊపిరాడదు. చాచిన చెయ్యి కనబడదు. గాలికి ఎదురు నడవలేక మనిషి తెలియకుండానే గాలి తోసినవైపు పోతాడు. ఆ రాత్రి చాలాచోట్ల పాదరసం ఫారన్‌హీట్ కొలతలో సున్నాకి ఇరవై, ముప్పై డిగ్రీల కిందికి దిగింది. అలాంటప్పుడు గడప దాటడమే ప్రమాదం. దాటిన తర్వాత ధైర్యం, తెలివి, తాడు అన్నీ అదృష్టం పాలే.

మరి మినీ ఫ్రీమన్ మాట? ఆర్డ్ దగ్గరి మీరా వేలీలో తన బడిపిల్లలందర్నీ ప్రాణాలతో ఒక ఇంటికి చేర్చిన యువతి ఆమె. అదే ఏడు ఆమె మీద పాట అచ్చయింది. ఆ పాట పేరులోనే పదమూడుగురిని కాపాడినట్టు ఉంటుంది, వేరే లెక్కలు అంతకంటే ఎక్కువమందిని చెబుతాయి. ఒమాహా బీ పత్రిక ఆ తుఫాను వీరవనితల కోసం చందాలు పోగుచేసింది. తాడు కథ అక్కణ్ణుంచి ఊరూరా పాకింది. అసలు తాడు కట్టారా లేదా అన్నదాంట్లోనే సాక్ష్యాలు కలవవు. ఆ చర్చ నాకు అక్కర్లేదు. నాకు ముఖ్యమైంది ఆమె ఎప్పుడు బయల్దేరిందన్నది. గాలి ముందు తలుపు ఊడదీసింది, ఆ తర్వాత కప్పు లేచిపోయింది. కప్పు ఉన్నంతవరకూ ఆమె పిల్లల్ని కదలనివ్వలేదు. అంటే తాడు కథకి నాయికైన ఫ్రీమన్ కూడా నా పక్షానే సాక్ష్యం చెబుతోంది: లోపలే ఉండాలని ఆమెకి తెలుసు. పొయ్యి, కప్పు రెండూ నిలబడి ఉంటే మీరా వేలీ నుంచి మనకి ఏ కథా వచ్చేది కాదు. పిల్లలు తెల్లారాక ఇళ్లకి పోయేవాళ్లు, అంతే. బెంచీలు విరగ్గొట్టి పొయ్యిలో వేసి రాత్రి గడిపిన టీచరమ్మల మీద ఎవరూ పాట కట్టలేదు.

ఇంధనం అనగానే కట్టెలు గుర్తొస్తాయి. ప్రెయిరీలో, అంటే ఆ గడ్డి మైదానాల్లో, చెట్టే లేదు. బొగ్గు రైల్లో రావాలి, డబ్బు పెట్టి కొనాలి. కొనలేనివాడు గడ్డిని మెలితిప్పి కాల్చేవాడు. 1880-81 చలికాలంలో డకోటాలోని డి స్మెట్‌కి రైళ్లు ఆగిపోతే ఊరంతా గడ్డి మెలిపెట్టి మంటలేసుకుంది. లారా ఇంగల్స్ వైల్డర్ నవల ‘ద లాంగ్ వింటర్’ ఆ చలికాలం గురించే. గడ్డి మెలిపెట్టే పని చదివేవాళ్లకి చిన్నదిగా కనబడుతుంది. తెనాలి వైపు పల్లెలో పురి కట్టేందుకు వరిగడ్డితో వెంటి పేనడం చూసి పెరిగినవాణ్ణి నేను. ఒకరు గడ్డి అందిస్తూ ఉంటే ఇంకొకరు కర్రతో తిప్పుతూ వెనక్కి వెనక్కి నడుస్తారు. గంటసేపట్లో అరచేతులు ఎర్రబడతాయి, గడ్డి కోసుకుపోతుంది. వెంటి ఒకసారి పేనితే ఏడాది నిలుస్తుంది. ప్రెయిరీలో పేనిన మెలిక పొయ్యిలో నిమిషాల్లో బూడిదవుతుంది, వెంటనే ఇంకోటి కావాలి. ఇంట్లో పదిచేతులుంటే ఆ పని సాగుతుంది. చిన్నపిల్లలున్న బడిలో ఒక్క టీచరమ్మ రాత్రంతా ఎలా పేనగలదు? బడికి బొగ్గే కావాలి.

ఆ బొగ్గు ఎవరు కొనాలి? నెబ్రాస్కాలో పల్లెబడిని నడిపేది ముగ్గురి బోర్డు: డైరెక్టర్, మోడరేటర్, కోశాధికారి. ముగ్గురూ ఇరుగుపొరుగు రైతులే. పన్ను పడితే ముందు తామే కట్టాలి. కాబట్టి బొగ్గు ఎంత తక్కువలో సరిపెడదామా అని చూడడం వాళ్లకి సహజం. వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు, వాళ్ల పిల్లలే ఆ బడిలో ఉన్నారు. కానీ మామూలు రోజుకి సరిపడా బొగ్గే లెక్కేసుకున్నారు. తుఫాను మామూలు రోజు కాదు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి ఎటా షాటక్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హోల్ట్ కౌంటీలో దారితప్పిన ఈ పంతొమ్మిదేళ్ల టీచరమ్మ ఒక గడ్డివామిలో దూరి 78 గంటలు గడిపింది. గురువారం దూరితే ఆదివారం బయటికి తీశారు. రెండు కాళ్లూ తీసేశారు, ఫిబ్రవరిలో చనిపోయింది. పొయ్యిలో ఉంటే గడ్డి వెచ్చదనం ఇస్తుంది, వామిగా ఉంటే చావుని కొన్నాళ్లు వాయిదా వేస్తుంది. అదే గడ్డి, ఒకటి గోడలకి లోపల, ఇంకొకటి బయట.

రష్యా నుంచి వలస వచ్చిన జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ క్రైస్తవ శాఖ రైతులు గడ్డితో చలి కాచుకునే విద్యలో అందరికన్నా ముందున్నారు. ఇంటి నడిమధ్య పెద్ద ఇటుక పొయ్యి కట్టి, పొద్దునా సాయంత్రం గడ్డి కాల్చేవాళ్లు. ఇటుకలు ఆ వేడిని పట్టి ఉంచి రోజంతా మెల్లగా వదిలేవి. బొగ్గు కొనే పని లేదు, క్షణక్షణం మెలిపెట్టే పనీ లేదు. ప్రెయిరీ చలికి సమాధానం ప్రెయిరీ గడ్డిలోనే ఉందని వాళ్లు కళ్లెదుట చూపించారు. బళ్లు కట్టినవాళ్లు మాత్రం పల్చటి ఇనుప పొయ్యే పెట్టారు. అది ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. ప్రతి బడిలోనూ అలాంటి ఇటుక పొయ్యి ఉండి ఉంటే ఆ జనవరి పేరే మారిపోయేదని నా నమ్మకం.

డకోటాలోని రోజ్‌ఫీల్డ్‌లో మెన్నొనైట్ కుటుంబాల పిల్లలే ఐదుగురు బడి నుంచి బయల్దేరి దారితప్పి చనిపోయారు, అది నా వాదనకి సులభంగా లొంగదు. అయినా వాళ్లు వదిలి వచ్చింది వాళ్ల ఇంటి పొయ్యిని కాదు, బడి పొయ్యిని.

ఇంకొక్క అడుగు వేస్తాను. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలిచ్చి, ఆ నేల మీదే కాపురం ఉండాలంది. దాంతో ఊళ్లు పుట్టలేదు, ఒకదానికొకటి అర మైలు దూరంలో కొంపలు పుట్టాయి. మన పల్లెలో గోడకి గోడ ఆని ఉంటుంది, ఒక ఇంట్లో పొయ్యి ఆరితే పక్కింటి నిప్పు తెచ్చుకుంటారు. ప్రెయిరీలో పక్కిల్లు తుఫానుకి అవతల ఉంది. నెబ్రాస్కాలో 1873 ఈస్టర్ తుఫానులో చచ్చినవాళ్లనీ, 1888లో చచ్చినవాళ్లనీ ఆ చట్టమే అలా చెదరగొట్టి కూర్చోబెట్టింది. హెచ్చరిక ఆలస్యమవడం దాని పక్కన చాలా చిన్న సంగతి.

సరిహద్దు జీవితం గురించిన చరిత్రలో జ్ఞాపకాలకి కొదవలేదు. 1940లో ఆనాటి తుఫాను నుంచి బయటపడ్డ వృద్ధులు లింకన్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మాటల్ని ఓ'గారా అనే ఆయన 1947లో పుస్తకంగా తెచ్చారు. అవి యాభై ఏళ్ల తర్వాతి మాటలు, తాడుని గుర్తుపెట్టుకున్న మాటలు. కోశాధికారి చిట్టా అలా కాదు. అందులో 1887 శరత్కాలంలో బడికి ఎన్ని బుషెళ్ల బొగ్గు కొన్నారో, దానికి ఎవరికి ఎంత ముట్టజెప్పారో తేదీతో సహా రాసుకోవడమే వాడుక. మృతుల జాబితాని ఒక చేత్తో, ఆ చిట్టాల్ని ఇంకో చేత్తో పట్టుకుని బడి తర్వాత బడిగా చదవాలి. నేను ప్లెయిన్‌వ్యూతో మొదలుపెడతాను.