ఒకరి పాపానికి ఊరంతా శిక్ష: 'ది ఫర్గాటెన్ సిటీ' గేమ్ కథేమిటి, అది అడిగే ప్రశ్నేమిటి?

హత్య జరిగాక హంతకుణ్ని వెతకడం డిటెక్టివ్ కథల పద్ధతి. 'ది ఫర్గాటెన్ సిటీ'లో మాత్రం నేరం ఇంకా జరగలేదు. సాయంత్రంలోగా జరుగుతుందని తెలుసు. ఎవరు చేస్తారో తెలియదు. ఆ ఒక్కరు తప్పు చేస్తే ఊళ్లో అందరూ చనిపోతారు.

ఆస్ట్రేలియాకు చెందిన మోడర్న్ స్టోరీటెల్లర్ అనే చిన్న స్టూడియో 2021 జులై 28న ఈ గేమ్‌ను విడుదల చేసింది. ఇందులో పోరాటాలు తక్కువ. మనుషులతో మాట్లాడటం, ఆధారాలు పోగేయడం, ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడమే ఎక్కువ.

కథ ఏమిటి?

ఇప్పటి కాలానికి చెందిన ఒక వ్యక్తి ఇటలీలో టైబర్ నది ఒడ్డున కళ్లు తెరుస్తారు. పక్కనే ఉన్న శిథిలాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి దాదాపు రెండు వేల ఏళ్లు వెనక్కి, క్రీ.శ. 65లోని ఒక రోమన్ నగరంలోకి చేరుకుంటారు. అక్కడ ఉన్నది కొద్దిమందే. బయటికి దారి లేదు. అందరి తలమీదా కత్తిలా వేలాడేది ఒకే చట్టం. దాని పేరు 'గోల్డెన్ రూల్'. ఏ ఒక్కరు పాపం చేసినా బంగారు విగ్రహాలకు ప్రాణం వస్తుంది. అవి ఊరందరినీ బంగారు బొమ్మలుగా మార్చేస్తాయి.

ఊరి న్యాయాధికారి సెంటియస్‌కు దీన్నుంచి తప్పించుకునే ఉపాయం ఒకటి తెలుసు. చట్టం భగ్నం కాగానే ఆటగాడు ఒక ద్వారం గుండా పరుగెత్తితే అదే రోజు ఉదయానికి చేరుకుంటాడు. ఊరివాళ్లకు ఏమీ గుర్తుండదు. ఆటగాడికి అంతా గుర్తుంటుంది. చేతిలో ఉన్న వస్తువులూ వెంట వస్తాయి.

చిక్కుముడి ఎలా విప్పాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. విషం తిన్న ఒక మహిళ ప్రాణాపాయంలో ఉంటుంది. మందు డీసియస్ అనే వ్యాపారి దగ్గరే ఉంది. అతను అడిగే ధర ఎవరూ ఇచ్చుకోలేనిది. మందు దొంగిలిస్తే చట్టం భగ్నమై ఊరు పోతుంది. కానీ దొంగిలించి, బాణాలు తప్పించుకుని ద్వారం దాటితే మళ్లీ ఉదయం మొదలవుతుంది, మందు మాత్రం చేతిలోనే ఉంటుంది. అంటే ఒకరిని బతికించడానికి ఊరినంతా ఒకసారి బలి ఇచ్చినట్టే.

ఇక్కడే మరో మెలిక ఉంది. దొంగతనం పాపమట. ప్రాణం పోతున్న మనిషి దగ్గర మందుకు అడ్డగోలు ధర చెప్పడం పాపం కాదట. మరి పాపమంటే ఏమిటో నిర్ణయించింది ఎవరు? గేమ్‌లోని అసలు దర్యాప్తు అదే.

గ్రీకు పురాణం ఎక్కడుంది?

పాత్రల్లో ఎక్కువమంది రోమన్లే అయినా పునాది గ్రీకు పురాణానిదే. రోమన్ల పాతాళ దేవుడు ప్లూటోను, అతని భార్య ప్రొసర్పినాను గ్రీకులు హేడీస్, పెర్సెఫొనీ అంటారు. రోమన్ కట్టడాల అడుగున గ్రీకు, అంతకన్నా కింద ఈజిప్టు ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఒకరి పాపం ఊరిని కాల్చడం కూడా గ్రీకు కథే. సొఫొక్లీస్ రాసిన ఈడిపస్ నాటకంలో, పాత రాజును చంపినవాడు శిక్ష పడకుండా తిరుగుతున్నాడు కాబట్టే థీబ్స్ నగరానికి మహమ్మారి వస్తుంది. దర్యాప్తు మొదలుపెట్టిన రాజు ఈడిపసే చివరికి హంతకుడని తేలుతుంది. అక్కడ దైవాజ్ఞ సరైనదా అని ఎవరూ అడగరు. ఈ గేమ్‌లో ఆటగాడు ఆ ప్రశ్నతోనే దేవుడి ముందు నిలబడి వాదించవచ్చు. ముగింపులు నాలుగు. ఏది దక్కేదీ దర్యాప్తు ఎంత లోతుగా సాగిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎవరు తయారుచేశారు?

రూపకర్త నిక్ పియర్స్ వృత్తిరీత్యా లాయర్. 2015లో 'స్కైరిమ్' గేమ్‌కు ఉచిత అనుబంధంగా ఈ కథను తొలిసారి విడుదల చేశారు. 2016లో అది ఆస్ట్రేలియన్ రైటర్స్ గిల్డ్ అవార్డు గెలుచుకుంది. ఆ తర్వాత ఆయన ఉద్యోగం వదిలేసి, చిన్న బృందంతో దాన్ని విడి గేమ్‌గా మళ్లీ నిర్మించారు.

మనకు ఎందుకు ముఖ్యం?

గోల్డెన్ రూల్ లాంటివి మన చట్టాల్లోనూ ఉండేవి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఎరుకల కుటుంబాల కోసం ఏర్పాటైన సెటిల్మెంటే. చట్టం 1952లో రద్దయినా ఊరి పేరుకు అంటిన మచ్చ చాలాకాలం పోలేదు.

ఈ ప్రశ్న పాతబడలేదు. నిందితుల ఇళ్లను బుల్డోజర్లతో కూల్చడంపై ఢిల్లీలోని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న తీర్పు ఇచ్చింది. ఆరోపణ ఒకరిపై ఉంటే ఇల్లు కూల్చి కుటుంబమంతటినీ వీధిన పడేయడం సామూహిక శిక్షేనని జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కేవీ విశ్వనాథన్ ధర్మాసనం తేల్చింది. అక్రమ కట్టడమైనా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆదేశించింది.

గేమ్‌లో ఊరివాళ్లు చాలామంది ఆ చట్టాన్ని సమర్థిస్తారు. భయం ఉంది కాబట్టే ఊరు ప్రశాంతంగా ఉందంటారు. బుల్డోజర్లను సమర్థించేవారి వాదన కూడా ఇంచుమించు ఇదే.