పడవ మీద దయ, పెట్టెలో ఓటు

నేను వలస వచ్చి స్థిరపడిన ఇల్లినాయ్ రాష్ట్రానికి రెండో గవర్నరు ఎడ్వర్డ్ కోల్స్. 1786లో వర్జీనియాలో, బానిసల చెమట మీద బతికే భూస్వాముల ఇంట పుట్టాడు. 1808లో తండ్రి పోయాక పొలంతోపాటు మనుషులూ వాటాకి వచ్చారు. వాళ్లను విడిచిపెట్టాలన్న ఆలోచన తండ్రి ఉండగా పైకి పొక్కనివ్వలేదు. పొక్కితే ఆ వాటా దక్కేది కాదు. 1814లో మాజీ అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాసి, బానిసత్వం తొలగించే పనికి ముందు నిలబడమని అడిగాడు. పెద్దాయన తన వయసు చూపించి, అది కుర్రవాళ్ల పని అని తప్పుకున్నాడు. 1819లో ఒహాయో నది మీద పడవలో ఇల్లినాయ్ వస్తూ, వెంట ఉన్న బానిసలకు కోల్స్ స్వేచ్ఛ ప్రకటించాడు. కుటుంబ పెద్దలకు తలా 160 ఎకరాలు ఇచ్చాడు.

అతని పేరెత్తితే అందరూ ఈ పడవ ఘట్టమే చెబుతారు. నా లెక్కలో అసలు పని వేరే ఉంది. గంపలగూడెం లాంటి జమీ ఊళ్ల సంగతి ఎరిగిన వాళ్లకు ఒకరి దయకూ చట్టానికీ ఉన్న తేడా విడమరచనక్కర్లేదు: దయగల దొర ఈ ఏటి శిస్తు మాఫీ చేస్తే, కొడుకు మరుసటేడు బాకీతో సహా వసూలు చేయగలడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ భయం తీరింది. ఇల్లినాయ్‌లో అలాంటి ఘట్టం 1824 ఆగస్టు 2. రాజ్యాంగం మార్చి బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలన్న వర్గం ఎన్నిక పెట్టించింది. ప్రత్యర్థుల ఓట్లు చీలడంతో, మూడో వంతు ఓట్లతోనే 1822లో గద్దెనెక్కిన కోల్స్ తన జీతం డబ్బుతో సహా ఆ పోరులో పెట్టాడు. 4,972కి ఎదురుగా 6,640 ఓట్లతో ఆ ప్రయత్నం ఓడింది.

1787 శాసనమే అక్కడ బానిసత్వాన్ని నిషేధించింది కదా, ఇతని గొప్పేమిటి అనవచ్చు. నిషేధం కాగితం మీదే. షానీటౌన్ దగ్గరి ఉప్పు తయారీకి బానిసలను అద్దెకు తెచ్చుకోవడాన్ని 1825 దాకా రాజ్యాంగమే అనుమతించింది. ఒప్పంద పత్రాల పేరుతో వెట్టీ నడిచింది. గెలిచాక మాత్రం నల్లవాళ్లకు ఏం ఒరిగింది, ఓటు లేదు, వాళ్లను అణిచే చట్టాలూ పోలేదు అంటే, ఆ మాట నిజమే, ఒప్పుకోవాలి. పూచీకత్తు కట్టకుండా బానిసలను విడిచిపెట్టాడని కోల్స్ మీదే దావా వేసి, 2,000 డాలర్ల జరిమానా వేయించారు; పై కోర్టు దాన్ని కొట్టేసింది.

మంచితనం వారసత్వంగా రాదనడానికి అతని ఇల్లే సాక్ష్యం. 1833లో ఫిలడెల్ఫియాలో శాలీ రాబర్ట్స్‌ను పెళ్లాడాడు. కొడుకు రాబర్ట్స్ కోల్స్ తాతల వర్జీనియాకే తిరిగి వెళ్లి, బానిసత్వం కోసం లేచిన సైన్యంలో చేరి, 1862 ఫిబ్రవరిలో రోనోక్ దీవి యుద్ధంలో చనిపోయాడు. తండ్రి 1868 దాకా బతికాడు. అంతకు మూడేళ్ల ముందు, బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ సవరణకు అన్నిటికంటే ముందు ఆమోదం తెలిపిన రాష్ట్రం ఇల్లినాయ్.