తూకానికి అందని ఉప్పు: గురుత్వమాపన చరిత్ర – నరసాపురం భూగర్భజలాలు

వ్యాససంగ్రహం:
భూమ్యాకర్షణలోని సూక్ష్మభేదాలను కొలిచి భూగర్భజలాల హెచ్చుతగ్గులను అంచనా వేయడం ఇటీవలి శాస్త్రరీతి. దాని మూలాలు పంతొమ్మిదో శతాబ్దపు లోలక పరిశీలనల్లో ఉన్నాయి. ఈ పద్ధతిని నరసాపురం తీరానికి అన్వయిస్తే తెలిసేదేమిటో, మరుగున పడేదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గురుత్వమాపనం, భూగర్భజలం, గోదావరి డెల్టా, నరసాపురం, ఉప్పునీటి చొరబాటు.

1. ఉపోద్ఘాతం:
నరసాపురం వశిష్ఠ గోదావరి పడమటి గట్టున, నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉంది. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించిన తరువాత కాలువల నీరు డెల్టా అంతటా పారింది. వరిచేలలో ఇంకిన నీరు భూగర్భానికి చేరుతూ వచ్చింది. అందువల్ల ఇది నీటికి కొదవలేని సీమగా పేరుపడింది. అయినా తీరప్రాంతంలో చాలాచోట్ల బోరు కాస్త లోతుకు దింపితే ఉప్పునీరు తగులుతుంది. కాబట్టి ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు రెండు. భూమిలో నీరు ఎంత ఉంది? అందులో మంచినీరు ఎంత? గురుత్వమాపనం సమాధానం చెప్పగలిగేది మొదటి ప్రశ్నకే.

2. లోలకం చెప్పిన సత్యం:
భారత మహాత్రికోణమితి సర్వేక్షణ 1802లో మద్రాసులో లాంబ్టన్ నాయకత్వాన మొదలైంది. ఆ పని ఉత్తరాదికి విస్తరించినప్పుడు కల్యాణ, కల్యాణ్‌పూర్ కేంద్రాల మధ్య దూరాన్ని భూమిపై కొలిచినప్పుడు వచ్చిన విలువకు, నక్షత్రాల ఆధారంగా గణించిన విలువకు సుమారు 5 సెకండ్ల కోణభేదం కనిపించింది. హిమాలయాల ఆకర్షణ వడంబాన్ని పక్కకు లాగడమే కారణమని ప్రాట్ భావించాడు. కానీ 1855లో ఆయన లెక్క కడితే ఆ భేదం సుమారు 15 సెకండ్లు ఉండాలని తేలింది. అంటే పర్వతాలు తమ పరిమాణానికి తగినంతగా ఆకర్షించడం లేదు. పైనున్న అధిక ద్రవ్యానికి అడుగున ఉన్న లోటు సరితూగుతోందని ఎయిరీ వివరించాడు.

ఈ విషయాన్ని గురుత్వపు కొలతలతో పరీక్షించడానికి 1865లో బసేవి రాయల్ సొసైటీ లోలకాలతో దేశమంతటా పరిశీలనలు ఆరంభించాడు. ఆయన కేంద్రాల్లో కొడంగల్, కాకినాడ కూడా ఉన్నాయి. 1871లో లద్దాఖ్‌లోని మోరే వద్ద పరిశీలనలు సాగిస్తూ ఆయన మరణించాడు. మిగిలిన పనిని హెవిసైడ్ పూర్తిచేశాడు. ఎత్తును బట్టి సవరించి చూస్తే తీరకేంద్రాలలో ఆకర్షణ హెచ్చుగాను, పర్వతప్రాంతంలో తక్కువగాను ఉన్నట్లు ఆ కొలతలు తేల్చాయి. గోదావరి డెల్టా గురుత్వమాపన చరిత్రలోకి ప్రవేశించింది కాకినాడ ద్వారానే.

3. చమురు నుండి నీటికి:
ఇరవయ్యో శతాబ్దంలో ఈ కొలతలు చమురు అన్వేషణకు తోడ్పడ్డాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒండ్రుమట్టి కింద దాగిన తణుకు, కైకలూరు ప్రాంతాల శిలోన్నతులను గుర్తించడంలో గురుత్వ సర్వేక్షణలకు ముఖ్యపాత్ర ఉంది. 1978 నాటి నరసాపురం బావి ఈ బేసిన్‌లోని తొలి అన్వేషణ బావులలో ఒకటి. అక్కడ వెదికింది కదలని శిలలను. నీటి అధ్యయనంలో కొలవవలసినది కాలంతోపాటు మారే ద్రవ్యరాశిని.

2002 మార్చి 17న ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఆ అవకాశం కల్పించాయి. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ, ఆ దూరంలో వచ్చే మైక్రాన్ల స్థాయి మార్పును బట్టి కింది ద్రవ్యరాశి మార్పును అవి పట్టుకున్నాయి. 2002-08 మధ్య వాయవ్య భారతం 109 ఘనకిలోమీటర్ల భూగర్భజలం కోల్పోయిందని 2009లో రోడెల్ బృందం ప్రకటించింది. అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన వి.ఎం. తివారీ, మరి ఇద్దరు సహపరిశోధకులు ఉత్తర భారతానికి ఇలాంటి అంచనానే వెలువరించారు. 2018లో రెండో జంట కక్ష్యలోకి చేరింది.

4. నరసాపురానికి అన్వయం:
గ్రేస్ చూపుకు కనీసం మూడు వందల కిలోమీటర్ల విస్తీర్ణం కావాలి. సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల గోదావరి డెల్టా అందులో ఒక మూలకు సరిపోతుంది. పక్కనున్న సముద్రపు ద్రవ్యరాశి మార్పులు కూడా లెక్కలో కలిసిపోతాయి. కాబట్టి నేలపై గురుత్వమాపకాన్ని నిలపడం మిగిలిన మార్గం. ఒక మీటరు మందం గల నీటిపొర వల్ల కలిగే మార్పు సుమారు 42 మైక్రోగాల్‌లు. ఒక మైక్రోగాల్ భూమ్యాకర్షణలో దాదాపు వందకోట్లవ వంతు. ఇసుకపొర పరిమాణంలో ఐదోవంతు నీరే బయటికి వస్తుందనుకుంటే, నీటిమట్టం మీటరు దిగినప్పుడు కనిపించే తగ్గుదల 8 మైక్రోగాల్‌లు. నేల మూడు సెంటీమీటర్లు కుంగితే దాదాపు అంతే పెరుగుదల వస్తుంది. కుంగే స్వభావం గల డెల్టాలో నేల ఎత్తును విడిగా కొలవక తప్పదు.

ఇంతకంటె గంభీరమైన చిక్కు ఉప్పునీటితో వస్తుంది. తీరభూముల్లో బరువైన ఉప్పునీటిపై తేలికైన మంచినీరు తేలుతుంది. సముద్రమట్టానికి పైన మీటరు మంచినీరు నిలిస్తే కింద సుమారు నలభై మీటర్ల మంచినీరు ఉంటుంది. హాలెండ్‌కు చెందిన ఘైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా కనుగొన్న సూత్రమిది. పై మట్టం మీటరు తగ్గితే కాలక్రమాన ఉప్పునీరు అడుగునుండి నలభై మీటర్లు పైకి వస్తుంది. ఉప్పునీరు మంచినీటికంటె నూటికి రెండున్నర వంతులు బరువు. నలభై మీటర్లలో పెరిగే బరువు, పైన పోయిన ఒక మీటరు మంచినీటి బరువుకు సరిగ్గా సమానం! ఈ ఆదర్శస్థితిలో గురుత్వమాపకం ఏ మార్పునూ చూపదు. హిమాలయాల విషయంలో ప్రాట్‌కు ఎదురైన సరితూకమే ఇక్కడ నీటి రూపంలో ఎదురవుతుంది. వాస్తవంలో ఉప్పునీరు నెమ్మదిగా కదులుతుంది గనుక నష్టం మొదట యంత్రానికి కనిపించి, పోనుపోను మాసిపోతుంది. అంటే కొలత పూర్వస్థితికి వచ్చిందంటే జలం కోలుకున్నదని కాదు. నష్టం పూర్తయిందని కూడా కావచ్చు.

5. ముగింపు:
పంజాబ్ వంటి మైదానాల్లో నీటి కొరత బరువు తగ్గడంగా బయటపడుతుంది. నరసాపురంలో బరువు నిలిచి ఉండగానే రుచి మారిపోవచ్చు. గురుత్వపు లెక్కలను మాత్రమే నమ్మి ఈ తీరానికి నీటిలోటు లేదని తీర్మానిస్తే, బావి ఉప్పెక్కిన గ్రామాల అనుభవం లెక్కలోనుంచి జారిపోతుంది. కనుక ఇక్కడి గురుత్వమాపనం బావుల నీటిమట్టం, నీటి విద్యుద్వాహకత, నేల ఎత్తు అనే మూడు కొలతలతో కలిసి సాగాలి. కాకినాడలో లోలకం ఊగిన కాలంలో తెలిసిన పాఠం నేటికీ వర్తిస్తుంది. తూకం సరిపోయినంత మాత్రాన అడుగున మార్పు లేదని చెప్పలేము.