నాడి ఆడుతుండగా మరణం

గౌలిపురలోని పాత యిళ్ళలో ఎవరైనా స్పృహ తప్పితే, పెద్దలు ముక్కు దగ్గర వేలుంచి ఊపిరి చూస్తారు, మణికట్టు పట్టి నాడి చూస్తారు. రెండూ ఆగితే మరణం. చిరకాలం వైద్యులు నమ్మినదీ ఇదే. కాని అదే మనిషిని మూసీ దాటించి పెద్దాసుపత్రిలో శ్వాసయంత్రంపై ఉంచితే, ఈ రెండు పరీక్షలూ పనికిరావు.

ఈ చిక్కుకు మూలం 1952 నాటి కోపెన్‌హాగన్ పోలియో ఉపద్రవంలో ఉన్నది. ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగుల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ బతికించవచ్చునని ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు చూపించాడు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని రేయింబవళ్ళు ఆ సంచులు నొక్కారు! తరువాత ఆ పని యంత్రాలకు వచ్చింది.

ప్రాణవాయువు అందినంతకాలం గుండె ఆడుతుంది. దానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు. 1959లో మొల్లారే, గూలాన్ అనే పారిస్ వైద్యులు, మెదడు నశించినా గుండె ఆడుతున్న 23 మంది రోగులను వర్ణించారు. దీనిని మరణంగానే ఎంచాలని 1968లో హార్వర్డ్ సంఘం సూచించింది. మన పార్లమెంటు 1994లో దీనిని చట్టం చేసింది. నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల ఎడంతో, రెండుమార్లు పరీక్షించాలి.

ఆ నలుగురిలో నర్సు లేదు. మంచం పక్కన నిలిచేది మాత్రం ఆమే. పీయూషగ్రంథి పని ఆగినందున మూత్రం ధారగా పోతుంది, రక్తపుపోటు పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. అవయవాలు చెడకుండా వీటన్నిటినీ ఆమె సరిదిద్దాలి. వెన్నుపాము ప్రతిక్రియవల్ల ఒక్కొక్కప్పుడు చెయ్యి కూడా కదులుతుంది. నిన్న ఈ రోగికోసం చేసిన సేవనే నేడు ముఖమెరుగని మరొక రోగికోసం చేయడానికి మనసు తటపటాయిస్తే, దానిని మూఢత్వమనడం న్యాయం కాదు. పలు దేశాల పరిశీలనలలో తేలినదీ ఇదే: అవయవదానం మంచిదనే నర్సులే ఎక్కువ, బంధువులతో ఆ మాట ఎత్తడంలోనే తడబాటు. మెదడు మరణాన్ని గురించి బాగా తెలిసినవారిలో ఈ తడబాటు తక్కువ.

చట్టాన్ని 2011లో సవరించి, బంధువులతో మాట్లాడే సమన్వయకర్తకు అందులో స్థానం కల్పించారు. 2014 నియమాల ప్రకారం నర్సు ఆ పదవికి అర్హురాలు. హైదరాబాదులో నిమ్స్ కేంద్రంగా 'జీవన్‌దాన్' పథకం నడుస్తున్నది.

"నాడి కొట్టుకుంటున్నది కదమ్మా!" అని తల్లి అడిగితే, నర్సు పుస్తకం చూడనక్కరలేదు. శ్వాసయంత్రాన్ని వేరుచేసి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేదాకా వైద్యులు వేచిచూసినప్పుడు, ఆ ఛాతీ ఒక్కసారి కూడా లేవకపోవడం ఆమె దగ్గరుండి చూసినదే.