తలుపు గడియ వెనక జబ్బు

పద్నాలుగో శతాబ్దపు ఇటలీలో సియెనా కేథరీన్ తిన్న కాస్తా కడుపులో నిలవకుండా పుల్లతో గొంతు గెలుక్కుని కక్కేసేదట. 1380లో, 33 ఏళ్లకే కన్నుమూసింది. లోకం దాన్ని భక్తి అంది. ఈ కాలపు రచయితలు కొందరు ఆమెను తెగ తిని కక్కేసే జబ్బు, బులీమియా ఖాతాలో వేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. లావైపోతానన్న బెంగ లేనిదే ఈ జబ్బు లేదు, ఆమెది పాపభీతి.

పస్తుకూ తిండియావకూ ఉన్న ముడి 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బయటపడింది. అక్కడి శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టాడు. ఆంక్షలు ఎత్తేశాక కొందరు పొట్ట పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు.

1979లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్ 30 మంది రోగుల కథ రాసి ఈ జబ్బుకు పేరు పెట్టాడు. వాళ్లలో ఇద్దరే మగవాళ్లు. చాలామంది బక్కచిక్కి లేరు, పైకి ఏ లోటూ కనబడదు. ఆనవాలు చేతి మీద దొరికింది: గొంతులో వేళ్లు పెట్టుకున్నప్పుడల్లా పళ్లు ఒరుసుకుని కొందరికి కణుపుల మీద కాయలు కాశాయి. మాటిమాటికీ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది.

ఎందుకిలా? ఒంటరితనమో, దిగమింగుకున్న కోపమో, ఎవరో ఒళ్లు చూసి అన్న మాటో పొడుస్తుంది. గబగబా తింటుంటే కాసేపు మనసు మొద్దుబారుతుంది. ఆ వెంటనే సిగ్గు. కక్కేస్తే ఊరట. మర్నాడు పస్తు, దాంతో మళ్లీ ఆకలి. 1995లో డయానా టీవీ ముందు చెప్పిందీ దాదాపు ఇదే. యువరాణి నోట వినేదాకా ఎందరో ఈ మాట ఇంట్లో కూడా ఎత్తలేదు.

అదే ఏడాది ఫిజీలోని నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. పరిశోధకులు అడిగిన బడి ఆడపిల్లల్లో సన్నబడాలని వాంతి చేసుకునేవాళ్లు అప్పటికి ఒక్కరూ లేరు. 1998కల్లా నూటికి 11 మంది తేలారని పరిశోధకురాలు ఆన్ బెకర్ చూపింది. బొద్దుగా ఉండటాన్నే మెచ్చుకునే సమాజమది. తెరనొక్కదాన్నే దోషిని చేయలేం గానీ, కొత్త కొలబద్ద ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం దాగదు.

ఆక్స్‌ఫర్డ్‌లో మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ జబ్బుకు మలిచిన చికిత్స మనసు తవ్వడంతో మొదలవదు. మూడు పూటలా వేళకు తినమంటుంది. తిన్నదీ, తినేముందు మనసులో మెదిలిందీ అప్పటికప్పుడు కాగితం మీద రాయమంటుంది.