రాత్రి డ్యూటీ – కరువైన నిద్ర: రైల్వే పనిగంటల చరిత్రలో ఒక అధ్యాయం

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు’ అన్నారు పెద్దలు. ఈ సామెతలోని రెండో సగం ఎంత నిజమో రైల్వేలో నైట్ డ్యూటీ చేసిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు కూర్చున్నచోటే కన్ను మూతపడేది. అదే మనిషి ఇంటికొచ్చి మంచమెక్కితే నిద్ర పట్టేది కాదు. దీనికి కారణాలేమిటి, మన పనిగంటలు ఈ రూపానికి ఎలా వచ్చాయి అన్నది నేటి తరానికి తెలియవలసిన చరిత్ర.

మన దేశంలో రాత్రి మేలుకొని పనిచేయడం రైలుతో పుట్టలేదు. తలారులు, జాలరులు, చేలకు నీరు పెట్టే రైతులు అంతకు ముందూ ఉన్నారు. అయితే వేలమందిని గడియారం ప్రకారం రాత్రి తర్వాత రాత్రి మేల్కొలిపి ఉంచిన తొలి కొలువులలో రైల్వే ఒకటి. 1853లో బొంబాయి–ఠాణా మధ్య రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889లో బెజవాడ దాకా నిజాం రైలుమార్గం వచ్చింది. మిల్లును సాయంత్రం మూసేయవచ్చు. దారిలో ఉన్న బండిని చీకటి పడిందని ఆపేయలేరు కదా!

ఆ బండి వెనుక ఎంతమంది మెలకువ ఉండేదో చూడండి. స్టేషన్ మాస్టర్ లైన్ క్లియర్ ఇస్తేగాని బండి కదలదు. క్యాబిన్‌మన్ లీవరు లాగాలి. ఇంజనులో డ్రైవరు సిగ్నల్ చూస్తుంటే ఫైర్‌మన్ పారతో బొగ్గు వేయాలి. వెనుక గార్డు. వానాకాలంలో చేతిదీపం, డిటోనేటర్లు పట్టుకొని పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్. వీరికి తోడు, అర్ధరాత్రి క్వార్టరు తలుపు తట్టి డ్రైవరును లేపి, పుస్తకంలో సంతకం చేయించుకొనే కాల్ బాయ్. ఇందరిలో ఏ ఒక్కరి కన్ను మూతపడినా ప్రమాదమే.

పనిగంటలకు హద్దు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం పిల్లల పనిగంటలకే పరిమితి పెట్టింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని తీర్మానిస్తూనే, బ్రిటిష్ ఇండియాకు మాత్రం వారానికి 60 గంటల మినహాయింపు ఇచ్చింది. 1930లో రైల్వే చట్టాన్ని సవరించి కంటిన్యువస్ సిబ్బందికి 60 గంటలు, పని మధ్యలో విరామం దొరికే ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్ వారికి 84 గంటలు అన్నారు. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు ఇంటెన్సివ్ వారికి 45, కంటిన్యువస్ వారికి 54, ఇంటర్మిటెంట్ వారికి 75 గంటలుగా తగ్గించింది. 1969లో ఏర్పడిన జస్టిస్ మియాభాయ్ ట్రిబ్యునల్ 1972లో నివేదిక ఇచ్చాక కంటిన్యువస్ వారికి 48 గంటల రోస్టరు వచ్చింది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె దరిమిలా 10 గంటల డ్యూటీకి ప్రభుత్వం ఒప్పుకొంది. 1974 మే నెలలో 20 రోజులు సాగిన సమ్మె కోర్కెలలోనూ 8 గంటల పని ఉంది. ఈ అంకెల వెనుక ఎన్ని కుటుంబాలు జీతాలు, కొలువులు పణంగా పెట్టాయో మన సభ్యులు మరువలేదు.

ఈ లెక్కలన్నీ గంటల గురించే. పగటి గంట, రాత్రి గంట ఒకటి కాదన్న సంగతి నైట్ డ్యూటీ అలవెన్సు లెక్కలో కనబడుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చేసే ప్రతి గంటకు 10 నిమిషాలు అదనంగా కడతారు. అంటే ఎనిమిది గంటల రాత్రికి 80 నిమిషాలు. 2020 జూలై 13 నాటి కేంద్ర ఉత్తర్వు మూలవేతనం 43,600 రూపాయలు దాటినవారికి ఇది వర్తించదన్నది. వేతనం పెరిగినంత మాత్రాన రాత్రి చిన్నదవుతుందా అని సిబ్బంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఇక శాస్త్రం చెప్పేదేమిటి? 1938లో అమెరికాలో నథానియెల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, తనకంటే చిన్నవాడైన సహచరుడితో కలిసి మామత్ గుహలో 32 రోజులు ఉన్నాడు. వెలుగు సోకని చోట రోజుకు 28 గంటల లెక్కన జీవించి చూశారు. చిన్నవాడి శరీరం ఆ లెక్కకు అలవాటుపడింది, క్లైట్‌మన్ శరీరం పడలేదు. ఒకే రోస్టరు ఒకరికి సరిపడి మరొకరికి పడకపోవడం మనం చూసినదే. శరీరంలోని ఈ గడియారం కణాలలో ఎలా నడుస్తుందో కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గుతుంది, మగత కమ్ముతుంది. డ్యూటీ దిగి ఎండలో ఇంటికి వస్తుంటే ఆ వెలుగు ‘లే, తెల్లవారింది’ అని శరీరానికి చెబుతుంది. అందుకే పగటి నిద్ర కలతనిద్ర అయ్యేది. అది మన బద్ధకమూ కాదు, చేతకానితనమూ కాదు.

కటిక పేదరికంలోనూ ఈ నిద్రను కాపాడింది మన ఇళ్లలోని ఆడవారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, వేసవిలో గోనెపట్టాలు తడిపి వేలాడదీసి, ‘నాన్న నైట్ చేసి వచ్చారు, అటు వెళ్లి ఆడుకోండి’ అని పిల్లలను వీధి చివరకు పంపేవారు. కాల్ బాయ్ తలుపు తడితే ముందు లేచేదీ, క్యారేజి సర్దేదీ వారే. ఏ రోస్టరులోనూ వారి పేరు లేదు, ఏ అలవెన్సూ వారికి రాలేదు. రైల్వే చరిత్ర రాసేవారు ఈ మాట విధిగా రాయాలి.

నేడు మన పిల్లలు, మనుమలు హైదరాబాదులో అమెరికా వేళలకు కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు, ఆసుపత్రులలో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. పగలు పన్నెండైనా లేవలేదని వారిని విసుక్కోకండి. గది చీకటి చేయండి, ఫోను పక్కన పెట్టించండి, చుట్టాలు వస్తే ముందు గదిలో కూర్చోబెట్టండి. మనకు మన ఇంటివారు చేసిపెట్టినది ఇదే. దాన్ని తర్వాతి తరానికి అందించడం మన వంతు.