సిల్కు బొచ్చు యాడికి పాయ?

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున్నే చాపాడు నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. పలకరింపు ఏమీ లేదు. ఫోన్ తీసుకెళ్ళి పిల్లి మొహానికి ఆనించి, "మామా, దీని బొచ్చు యాడికి పాయ?" అన్నాడు.

ఆ పిల్లి పేరు సిల్కు. ప్రొద్దుటూరులో ఒక అంగడిలో నాలుగు వేలు పోసి కొన్నారు. అప్పటికి దానికి రెండు నెలలు ఉంటాయేమో. పత్తికాయ పగిలినట్టు ఉండేది. "పర్షియన్ సార్, పెరిగేకొద్దీ బొచ్చు నేలకు తగుల్తాది" అని చెప్పి అమ్మారట. ఇప్పుడు దానికి ఏడో నెల. ఒళ్ళు సాగింది, కాళ్ళు పొడుగయ్యాయి, బొచ్చు మాత్రం ఒంటికి అతుక్కుపోయింది. వెనక నుంచి బావ గొంతు వినిపిస్తోంది: "నాలుగు వేలు పెట్టి గోడ మింది పిల్లిని తెచ్చుకున్యాం!" పిల్లోడు గొంతు తగ్గించి అసలు సంగతి అడిగాడు. "బొచ్చు రాకపోతే మైదుకూరు కాడ ఇడిసిపెట్టి వస్తా అంటాండాడు నాయన. వస్తాది కదా మామా?"

వస్తుంది అనేశాను. రెండేళ్ళు పడుతుంది, ఆగమన్నాను. ఫోన్ పెట్టేశాక తెలిసింది, అంగడివాడు చెప్పిన మాటనే నేనూ ఇంకోసారి చెప్పానని. ఆ అబద్ధం సర్దుకోవడానికి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది ఒక్క పిల్లి కథ కాకుండా పోయింది.

ముందు సిల్కు సంగతి. పిల్లికూన ఒంటి మీద మొదట ఉండేది నూగు. పుట్టినప్పుడు పలచగా, పొట్టిగా ఉంటుంది. రెండో నెలకల్లా మెత్తగా ఉబ్బుతుంది. పెద్ద పిల్లికి పైన గట్టిగా, నున్నగా ఉండే కాపు వెంట్రుకలు ఉంటాయి. అవి కింది నూగును అణచి పెడతాయి. కూనకు అవి ఇంకా సరిగా రావు కాబట్టి నూగంతా పైకి లేచి కనిపిస్తుంది. నాలుగైదు నెలల వయసు నుంచి ఈ నూగు రాలుతూ దాని స్థానంలో అసలు బొచ్చు వస్తుంది. పొడుగు బొచ్చు జాతి పిల్లికైతే ఆ దశలోనే తోక కుచ్చులా విచ్చుకుంటుంది, మెడ చుట్టూ జూలు మొదలవుతుంది, చెవుల్లోంచి పోగులు బయటికి వస్తాయి. పూర్తి బొచ్చు రావడానికి రెండేళ్ళు పట్టొచ్చన్నది నిజమే. కానీ ఏడో నెలలో తోక తాడులా నున్నగా ఉందంటే ఆశ పెట్టుకోవడానికి ఏమీ లేదు. అంటే రెండు నెలల కూనను చూసి బొచ్చు పిల్లో కాదో చెప్పడం చాలా కష్టం. నూగు మీసాలు చూసి పిల్లోడి గడ్డం ఎంత పెరుగుతుందో చెప్పగలమా? అమ్మేవాళ్ళకు కలిసొచ్చేది సరిగ్గా ఈ రెండు నెలలే.

ఇక ఆ "పర్షియన్" అన్న మాట. దాని కథ ఇంకా తమాషా.

ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే 1620లో పర్షియాలో ఉన్నాడు. ఖొరాసాన్ ప్రాంతంలో బూడిద రంగులో, పట్టులాంటి పొడుగు బొచ్చుతో పిల్లులు ఉన్నాయని, వాటి తోక పింఛంలా ఉంటుందని ఉత్తరంలో రాశాడు. నాలుగు జంటలు తన దేశానికి తీసుకెళ్ళాలని ఆశపడ్డాడు. యూరప్ వాళ్ళ మనసులో పొడుగు బొచ్చుకూ పర్షియాకూ ముడి పడింది ఇలాంటి రాతల వల్లే.

రెండు వందల ఏళ్ళ తర్వాత మౌంట్ స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ ఆ ముడిని కొంచెం విప్పాడు. ఆయన 1809లో కంపెనీ రాయబారిగా పెషావర్ వెళ్ళాడు. 1815లో కాబూల్ రాజ్యం గురించి పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. అందులో 'బూరాక్' అనే పొడుగు బొచ్చు పిల్లుల ప్రస్తావన ఉంది. అవి అక్కడి నుంచి పెద్ద సంఖ్యలో ఎగుమతి అవుతాయని, అన్ని చోట్లా వాటిని పర్షియన్ పిల్లులు అంటారని, కానీ పర్షియాలో అవి అంత ఎక్కువగా లేవని, అక్కడి నుంచి బయటికి వచ్చేదీ దాదాపు లేదని రాశాడు. అంటే మన దేశానికి ఒంటెల బిడారుల వెంట వచ్చిన 'పర్షియన్' పిల్లి నిజానికి కాబూలు పిల్లి. పేరు ఒక ఊరిది, పుట్టుక ఇంకో ఊరిది.

ఇది చదువుతుంటే మా సీమ గుర్తొచ్చింది. ఎల్ఫిన్‌స్టన్ పెషావర్ వెళ్ళడానికి రెండేళ్ళ ముందు దాకా మా ప్రాంతానికి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1800లో నిజాం కడప, కర్నూలు, బళ్ళారి, అనంతపురం సీమల్ని కంపెనీకి రాసిచ్చాడు కాబట్టి మాకు 'దత్తమండలాలు' అని పేరు పడింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కలిసి పెట్టిన పేరు అది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ పేరు వదిలించుకుని 'రాయలసీమ' అనిపించుకోవడానికి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు నోరు తెరిచేదాకా ఆగాల్సి వచ్చింది. పిల్లికైతే అలాంటి సభ ఏదీ జరగలేదు.

ఆ బొచ్చు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పండితుల్నీ సతాయించింది. జర్మన్ శాస్త్రవేత్త పల్లాస్ 1776లో మధ్య ఆసియా కొండల్లో తిరిగే మనుల్ అనే అడవిపిల్లిని వర్ణించాడు. దానికి ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. పొడుగు బొచ్చు పెంపుడు పిల్లి దీని సంతానమే అయి ఉంటుందని ఆయన నమ్మకం. 1868లో డార్విన్ పెంపుడు జంతువుల మీద రాసిన పెద్ద గ్రంథంలో ఈ మాట ఎత్తి, దీనికి గట్టి సాక్ష్యం లేదన్నాడు. అంగోరా పిల్లులు భారతదేశపు పిల్లులతో నిక్షేపంగా జతకడతాయని మిస్టర్ బ్లైత్ తనకు చెప్పాడని కూడా రాశాడు.

ఎడ్వర్డ్ బ్లైత్ పేరు కనబడగానే ఆగిపోయాను. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో 1841 నుంచి రెండు దశాబ్దాలు క్యూరేటర్‌గా పనిచేసిన మనిషి. మా జిల్లా వాళ్ళకు ఆయన ఇంకోలా దగ్గర. మా లంకమల కొండల కింద తుప్పల్లో తిరిగే కలివికోడికి 1848లో శాస్త్రీయ వర్ణన రాసింది ఈ బ్లైతే. అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్ళీ మా జిల్లాలోనే కనబడింది. చాపాడు నుంచి లంకమల ఎంతో దూరం లేదు. మా సీమ పిట్టకు శాస్త్రంలో చోటిచ్చినవాడే మన ఊళ్ళ పిల్లుల గురించి డార్విన్‌కు కబురు పంపాడన్నమాట.

అయితే బ్లైత్‌కు ఇంకో అనుమానం ఉండేది. మన దేశపు ఇంటి పిల్లుల్లో జంగపిల్లి రక్తం బాగా కలిసిందని. మా పక్క చెరకు తోటల్లో, కాలువ గట్ల మీద కనిపించే పొడుగు కాళ్ళ జంగపిల్లిని చూస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. 2007లో ప్రపంచం నలుమూలల పిల్లుల జన్యువుల్ని పోల్చి చూసిన పరిశోధన ఆ రెండు ఊహల్నీ పక్కన పెట్టింది. ఇంటి పిల్లులన్నిటి మూలం పశ్చిమాసియా వైపు అడవిపిల్లి ఒక్కటే. దానిది పొట్టి బొచ్చు. మనులూ కాదు, జంగపిల్లీ కాదు.

మరి పొడుగు బొచ్చు? దానికీ జవాబు అదే 2007లో దొరికింది. రెండు వేర్వేరు బృందాలు ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు దగ్గర ఆగాయి. వెంట్రుక కొంతకాలం పెరుగుతుంది, ఆగుతుంది, విశ్రాంతి తీసుకుని రాలుతుంది. "ఇక చాలు, ఆగు" అని చెప్పే పని ఈ జన్యువుది. ఇది చెడిపోతే ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు, వెంట్రుక ఇంకొంత కాలం పెరుగుతూనే ఉంటుంది. ఎలుకల్లో ఈ సంగతి 1994లోనే తెలిసింది. అంటే పట్టుకుచ్చులా మనం మురిసిపోయే ఆ బొచ్చు ఏదో గొప్ప రక్తం తెచ్చిన ఐశ్వర్యం కాదు, పని మానేసిన ఒక జన్యువు తాలూకు ఫలితం. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ప్రతి వస్తేనే ఇది బయటపడుతుంది. ఒక్కటే వస్తే పొట్టి బొచ్చే. కాబట్టి పొట్టి బొచ్చు తల్లిదండ్రులకు పొడుగు బొచ్చు కూన పుట్టొచ్చు, చాపాడు బస్టాండులో కూడా. పర్షియన్ తల్లికి వీధి గండుపిల్లితో పుట్టిన కూనలు నున్నగా తేలొచ్చు. సబ్బుతో కడిగి, దువ్వెనతో దువ్వితే బొచ్చు పెరుగుతుందని ఆ కాలపు కాబూలు వాళ్ళు నమ్మేవారట. మా వాడూ అమ్మ షాంపూ సగం సీసా ఖాళీ చేశాడు. దువ్వెన ఉన్న బొచ్చుకు చిక్కు తీస్తుంది, లేని బొచ్చును తేలేదు.

మరి 'జాతి' అన్న మాట ఎక్కడ పుట్టింది? 1871 జులైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన పెట్టాడు. అక్కడి నుంచే పిల్లులకు తరగతులు, కొలతలు, బహుమతులు, ఆ తర్వాత వంశవృక్షాల రిజిస్టర్లు ఊపందుకున్నాయి. ఆ తర్వాతి నూరేళ్ళలో యూరప్, అమెరికాల్లో పెంపకందార్లు తమ లెక్క ప్రకారం ఏరి ఏరి కలపగా తయారైందే ఇప్పటి చప్పిడి ముక్కు పర్షియన్. 2008లో జాతి పిల్లుల జన్యువుల్ని పరిశీలిస్తే, ఈ పర్షియన్ పశ్చిమ యూరప్ వీధి పిల్లులకు దగ్గర చుట్టమని, పశ్చిమాసియా పిల్లులకు దూరమని తేలింది. ప్రొద్దుటూరులో మా బావ నాలుగు వేలు పోసింది, పర్షియాకు పెద్దగా సంబంధమే లేని ఒక పేరుకు.

ఇక్కడ మా వైపు సంగతి కూడా చెప్పాలి. పిల్లి మీద మనకు బోలెడన్ని సామెతలున్నాయి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి ఉంది, బిచ్చానికి నోచుకోని పిల్లి ఉంది, కూనల్ని ఇల్లిల్లూ తిప్పే పిల్లి ఉంది. నాకు గుర్తున్నంతలో ఒక్క సామెతలోనూ పిల్లి బొచ్చు ఊసు లేదు. అది ఏం చేస్తుందో చూశారు తప్ప, ఎలా ఉందో ఎవరూ పట్టించుకోలేదు. కుందూ పక్కన, కేసీ కెనాల్ నీళ్ళతో వరి పండే ఊళ్ళలో వడ్ల బస్తాలుంటాయి, బస్తాల వెంట ఎలుకలుంటాయి. పిల్లితో మనకున్న ఒప్పందం అక్కడిది. శ్రీవైష్ణవులైతే ఇంకా ముందుకు పోయి మార్జాల కిశోర న్యాయం అన్నారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే నోట కరిచి తీసుకుపోతుంది. భగవంతుడి దయ కూడా అలాంటిదేనని తెంగలై వారి వాదం. ఆ తల్లి పిల్లి కూన బొచ్చు కొలిచి ఎత్తుకోదు కదా.

ఇదంతా చదివాక పిల్లోడికి ఫోన్ చేశాను. "నేను అబద్ధం చెప్పినా రా. దానికి బొచ్చు రాదు" అన్నాను. అటు వైపు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "నాయనకు చెప్పొద్దు మామా" అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది. నిజం చెప్పడం నాకు తేలిక, దాని ఖరీదు కట్టాల్సింది సిల్కు. ఇంట్లో పెరిగి, గిన్నెలో పాలు తాగడం మరిగిన పిల్లిని తెలియని రోడ్డు మీద వదిలితే దానికి దిక్కేది?

సిల్కును మా కబుర్లేవీ కాపాడలేదు, కాపాడింది మా అవ్వ. అక్క చెబితే తెలిసింది. బావ గోతం పట్టుకుని బయల్దేరితే అవ్వ అరుగు మీద నుంచి లేవకుండానే అందట: "ఏమప్పా, బొచ్చు కోసరమా పిల్లిని సాకేది? మనమేమన్నా కంబళ్ళు నేస్తామా?" బావకు నవ్వొచ్చిందట. నవ్వినాక గోతం పట్టుకుని ఎక్కడికి పోతాడు?

దసరాకు ఊరికి పోయినప్పుడు చూశాను. సిల్కు వడ్ల బస్తా మీద పడుకుని ఉంది. నున్నగా, నీళ్ళలోంచి లేచినట్టు మెరుస్తోంది. పిల్లోడికి ఒక కథ చెప్పాను. సైప్రస్ అనే దీవి ఉంది, అక్కడ సొంతంగా పుట్టిన పిల్లులు లేవు. అయినా దాదాపు 9500 ఏళ్ళ కిందటి ఒక మనిషి సమాధి పక్కనే, మూరెడు దూరంలో, ఒక పిల్లిని పాతిపెట్టారు. తవ్వినవాళ్ళు 2004లో ఆ సంగతి లోకానికి చెప్పారు. అంటే ఎవరో దాన్ని పడవలో వెంట తీసుకెళ్ళారు. దాని వయసు సుమారు 8 నెలలు.

"అప్పటికి దాని నూగు రాలిపోయి ఉంటాది కదా మామా?" అన్నాడు వాడు.

రాలిపోయే ఉంటుందన్నాను. ఈసారి నాకు తెలిసిన మాటే చెప్పాను.